మాటకు ముప్పై పైసలు

మేడ్చల్‌లో జాగా కొనదలచినవారు ఈ రోజుల్లో ముందుగా మేడ్చల్‌కు రారు, గూగుల్‌కు వెళతారు. అక్కడ వారికి ఎదురయ్యే వ్యాసాలలో పదకొండింటిని రాసినవాణ్ణి నేనే. ఆరు ఇంగ్లీషువి, అయిదు తెలుగువి. కాబట్టి ఈ టపాలో నేను వేయబోయే అక్షింతలలో మొదటి గుప్పెడు నా నెత్తినే పడుతుందని గ్రహించి, మిగిలినది చదవమని మనవి.

నాకు పని ఇచ్చినది నగరంలోని ఒక చిన్న సంస్థ. పేరు అనవసరం, ఎందుచేతనంటే నా కోపం ఒక సంస్థ మీద కాదు, ఒక పద్ధతి మీద. ఆ పద్ధతి ఇది. వెంచర్లు వేసేవారు ఈ సంస్థకు డబ్బిస్తారు. సంస్థ మనబోటివారిని వెతికి పట్టుకుంటుంది. ఉద్యోగం ఉండదు, ఒప్పందపత్రం ఉండదు, వ్యాసం కింద పేరు ఉండదు. వారు ఒక కాగితం పంపుతారు. అందులో శీర్షిక, ఉపశీర్షికలు, ఎన్ని మాటలుండాలి, ఏ కీవర్డు ఎన్నిసార్లు రావాలి అన్నవి ముందే రాసి ఉంటాయి. కీవర్డులంటే జనం గూగుల్ పెట్టెలో కొట్టే మాటలు. ఒక్క ఊరి పేరే శామీర్‌పేట అని నాలుగుసార్లు, షామీర్‌పేట అని మూడుసార్లు, శామీర్‌పేట్ అని రెండుసార్లు రావాలన్నారు. ఒకే వ్యాసంలో ఊరి పేరు మూడు రకాలుగా ఎందుకుందని చదివేవాడు అనుకోడా అంటే, చదివేవాడి సంగతి తరువాత, ముందు యంత్రం చదవాలన్నారు.

తెలుగు మీద ప్రేమ ఉన్నవారికి ఇంకొక ముచ్చట చెప్పాలి. జనం గూగుల్‌లో వెతికేటప్పుడు విభక్తులు వాడరు. 'మేడ్చల్ ప్లాట్లు ధర' అని కొడతారు. అది తప్పేమీ కాదు, వెతకడానికి అది చాలు. కానీ ఆ మూడు మాటలూ అదే వరుసలో, ప్రత్యయం అంటకుండా, వ్యాసంలో ఆరుసార్లు రావాలన్నది ఆజ్ఞ. 'మేడ్చల్‌లో ప్లాట్ల ధర' అని రాస్తే లెక్కకు రాదన్నారు. 'మీరు మేడ్చల్ ప్లాట్లు ధర గురించి ఆలోచిస్తున్నారా?' అని ఈ చేతులతోనే రాశాను. చిన్నయసూరి వ్యాకరణం చదువుకున్న చేతులివి!

ఇక కూలి. ఇంగ్లీషు మాటకు 30 పైసలు. వెయ్యి మాటల వ్యాసానికి 300 రూపాయలు. తెలుగు మాటకు అందులో సగం. మన భాషలో 'మేడ్చల్‌నుంచి' అన్నది ఒక్క మాట, ఇంగ్లీషులో అది రెండు మాటలు. వెయ్యి ఇంగ్లీషు మాటల సరుకు తెలుగులో ఆరేడు వందల మాటలలో ఇమిడిపోతుంది. అంటే తెలుగువాడికి ధరలో సగం కోత, తూకంలో మరొక కోత. పదకొండు వ్యాసాలకు కలిపి నా చేతికి వచ్చినది 2,300 రూపాయలు.

తక్కువ ఇచ్చారన్నది కాదు నా ఫిర్యాదు. కూటి కోసం కోటి విద్యలు. ఈ పని చేసుకుంటున్న నిరుద్యోగ యువకులనూ, ఇంట్లో ఉండి పది రూపాయలు సంపాదించుకునే గృహిణులనూ ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. నా ఫిర్యాదు కొలత మీద. మాటను లెక్కపెట్టి డబ్బిచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో కూర్చుని, పది పాత వ్యాసాలు తెరుచుకుని, వాటినే తిప్పి రాస్తే మూడు గంటలలో 300 వస్తాయి. అదే నేను బండి తీసి, ఆ వెంచరు దాకా పోయి, హద్దులు చూసి, హెచ్ఎండీఏ అనుమతి ఉందో లేదో విచారించి, పక్క చేలోని రైతును నాలుగు మాటలడిగి వచ్చి రాస్తే ఒక రోజు పడుతుంది. వచ్చేది అదే 300, అందులోనుంచి పెట్రోలు ఖర్చు పోను. అంటే నేను నిర్ధారించుకునే ప్రతి నిజమూ నా కూలిలోంచి కోతే. ఈ పద్ధతిలో అబద్ధం రాయమని ఎవరూ చెప్పనక్కరలేదు. నిజం తెలుసుకోవడాన్ని నష్టదాయకం చేస్తే చాలు, తక్కినది దానంతటదే జరుగుతుంది.

ఎలా జరుగుతుందో నా అనుభవమే చెబుతాను.

2025 జనవరి 1న రాష్ట్రప్రభుత్వం ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు మెట్రో మార్గాలు వేస్తామని ప్రకటించింది. సవివర నివేదికలు తయారుచేయమని ఆదేశించింది. అంతవరకే. నెల తిరిగేసరికి నాకు వచ్చిన కాగితంలో 'మెట్రోకు దగ్గరలో ప్లాట్లు' అన్న కీవర్డు చేరింది. నేను 'ప్రతిపాదిత మెట్రో స్టేషనుకు దగ్గర' అని రాశాను. 'ప్రతిపాదిత' అని ఎవరూ వెతకరని ఆ ముక్క కొట్టేశారు. 'దగ్గర' అంటే స్పష్టంగా లేదని '5 నిమిషాలు' చేశారు. నేను సరేనన్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నిజంగా నడిచే రైలు మాటేమిటంటారా? 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదు నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. దాని గురించి ఒక వాక్యం చాలన్నారు.

కొన్ని వారాల తరువాత మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేతిలో అచ్చుతీసిన కాగితాలతో మా ఇంటికి వచ్చారు. "బిడ్డా, నువ్వు రాసుకుంటవు గద, జర ఇది చూడు. మెట్రో స్టేషన్‌కు అయిదు నిమిషాలంట. ఆ స్టేషన్ ఏడుంది? ఐతారం బయానా ఇయ్యాలె" అన్నారు. కాగితం చూశాను. నా వ్యాసమే. పేరు లేదు గనుక నాదని ఆయనకు తెలియదు. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఒక నిమిషం ఊరుకున్నాను కూడా. తరువాత చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే నువ్వే చూపియ్యి, పోదాం పా" అన్నారు.

ఆ ఆదివారం ఆయన స్కూటరు మీదే వెళ్ళాం. శామీర్‌పేట అని నేను రాసిన వెంచరు శామీర్‌పేట చెరువు దాటి, రాజీవ్ రహదారి దిగి, మట్టిబాటన చాలాదూరం పోతే వచ్చింది. రంగురంగుల కమాను ఉంది. బోర్డు మీద హెచ్ఎండీఏ నంబరు లేదు, రెరా నంబరు లేదు. గొర్రెలు మేపుతున్నాయన వానకాలం ఆ మూలనంతా మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయని చెప్పాడు. ఇంతకూ అక్కడ గడిపింది గంటన్నర, పెట్రోలు ఖర్చు నూటయాభై. సారు బయానా ఇవ్వలేదు. పదకొండు వ్యాసాలు రాసి నేను తెలుసుకోనిది ఆ గంటన్నరలో తెలుసుకున్నాను. ఆ గంటన్నరకు వెల కట్టే గడి మాత్రం వారి కాగితంలో ఎక్కడా లేదు.

జనం వెతికే దాన్నే రాస్తున్నాం, తప్పేముందని వాదించేవారున్నారు. తెలిసినదాన్నే మనిషి వెతుకుతాడు. 'వానకాలం నీళ్ళు నిలిచే మూల' అని ఎవరూ గూగుల్‌లో కొట్టరు, అడగాలని తోచదు గనుక. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడమే రచయిత పని. జవహర్‌నగర్‌నే తీసుకోండి. బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం 2008లో మొదలైనది అక్కడే, నగరపు చెత్త పోసే డంపింగు యార్డు ఉన్నదీ జవహర్‌నగర్‌లోనే. నా కాగితంలో మొదటిది అయిదుసార్లు రావాలని ఉంది, రెండవది ఒక్కసారీ లేదు. అలాగే మేడ్చల్, శామీర్‌పేటల చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి. అనాబ్-ఎ-షాహి గుత్తులు చూసినవారు ఇంకా ఉన్నారు. ఆ తోటలు ఎందుకు పోయాయి, బోర్లు ఎంత లోతుకు దిగాయి అన్నది ఇల్లు కట్టుకోబోయేవాడికి పనికివచ్చే చరిత్ర. ఎవరూ వెతకరు గనుక ఎవరూ రాయించరు.

గూగులే ఇలాంటి చెత్తను ఏరేస్తుంది, నీకెందుకు బాధ అనేవారు ఇంకొందరు. ఏరేసిన మాట నిజమే. అమెరికాలో డిమాండ్ మీడియా వంటి సంస్థలు ఇదే పద్ధతిలో చవక వ్యాసాలు గుట్టలుగా రాయించాయి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అన్న మార్పు తెచ్చి వాటి నడ్డి విరిచింది. అమెరికాలోని వెతుకులాటలలో దాదాపు 12 శాతం మీద దాని ప్రభావం ఉంటుందని గూగులే చెప్పుకుంది. 2022 ఆగస్టులో మరొకసారి, 2024 మార్చిలో ఇంకొకసారి ఇలాంటి రాతల మీదనే నిబంధనలు బిగించింది. అయినా 2025లో నాకు ఈ పని దొరికింది. ఎందుకంటే వడపోత ఎంత సన్నదైతే సరుకు అంత బాగా వేషం వేసుకుని వస్తుంది. పైగా 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ వ్యాపారానికి మనిషి అవసరమూ తగ్గింది. పన్నెండవ వ్యాసం దగ్గర నాతో అన్న మాట ఇది: ఇకమీదట యంత్రం రాస్తుంది, మీరు దిద్దండి, మాటకు 10 పైసలు. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఊరు చూడకుండా ఊరి గురించి రాయడమే పనైతే, అది యంత్రం నాకంటే బాగా చేస్తుంది. మనం చేయగలిగి యంత్రం చేయలేని పని ఒక్కటే, ఆ మట్టిబాటన పోయి రావడం. దానికే ఎవరూ డబ్బివ్వరు.

అసలు కూలికి రాయించడమే తప్పంటున్నాననుకునేరు. అలాగంటే మన సాహిత్యచరిత్రలో సగం కొట్టివేయాలి. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేసినదేమిటి? కూలికి రాయించడమే. పండితులకు తన జేబులోంచి నెలజీతాలిచ్చాడు, అప్పులపాలయ్యాడు. కానీ వారిచేత చేయించిన పని ఏమిటి? ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని తాళపత్రప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, పాఠాలు సరిపోల్చి, శుద్ధప్రతి తీయడం. ఎన్ని మాటలు రాశావని లెక్కగట్టి ఉంటే ఏ పండితుడు పది ప్రతులు తిరగేసేవాడు? మొదటి ప్రతిని దించేసి ఇంటికి పోయేవాడు. బ్రౌన్ వెల కట్టినది సరిచూడడానికి. 1852లో వెలువడిన ఆయన నిఘంటువును మనం ఈనాటికీ తెరుస్తున్నామంటే అందుకే.

కాబట్టి రాయించేవారికి నా డిమాండ్లు నాలుగు. మాటకు కాక, రోజుకు కూలి ఇవ్వండి, దారిఖర్చులు వేరుగా ఇవ్వండి. వ్యాసం కింద రాసినవారి పేరూ, రాసిన తేదీ వేయండి. డబ్బు ఎవరిచ్చారో మొదటి పంక్తిలోనే చెప్పండి. కట్టని స్టేషనుకు నిమిషాలు లెక్కగట్టకండి. ఇవి నా కోరికలు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ప్రకటన అంటే ఏ మాధ్యమంలోనైనా, ఏ రూపంలోనైనా చేసే ప్రచారం. ప్రకటనలో రెరా నమోదు సంఖ్య ఉండాలి. అందులోని తప్పుడు మాట నమ్మి బయానా ఇచ్చి నష్టపోయినవాడికి ప్రమోటరు పరిహారం చెల్లించాలని పన్నెండవ సెక్షన్ చెబుతోంది. డబ్బిచ్చి రాయించిన ప్రచారానికి వ్యాసమని పేరు పెట్టినంత మాత్రాన అది ప్రచారం కాకపోదు.

రాసేవారికి చెప్పేది ఒక్కటే. చూడనిదాన్ని చూసినట్టు రాయకండి. 300 రూపాయలు పోతే పోతాయి, మళ్ళీ వస్తాయి. వీధిలో పెద్దమనిషి మీ వ్యాసం పట్టుకుని మీ గుమ్మంలోకే వస్తే ఆ నిమిషం దాటడం కష్టం.

ఆ వాక్యం తీసేయమని సంస్థకు రెండుసార్లు రాశాను. కావాలంటే 2,300 రూపాయలూ వాపసు ఇస్తానన్నాను. జవాబు లేదు. అందుచేత ఇక్కడ ఒప్పుకుంటున్నాను: మెట్రో స్టేషనుకు 5 నిమిషాలన్నది నా చేతి మీదుగా పోయిన అబద్ధం. మేడ్చల్ ప్లాట్లు ధర, షామీర్‌పేట ప్లాట్లు, శామీర్‌పేట్ మెట్రో అని వెతుక్కుంటూ ఎవరైనా ఈ పేజీకి వచ్చి ఉంటే, అయ్యా, అమ్మా, బయానా ఇచ్చే ముందు ఒక వానకాలం ఆగి, వచ్చి చూసుకోండి. గొర్రెలు మేపేవాళ్ళెవరైనా కనబడితే అడగండి. వాళ్ళు మాటకు పైసలు తీసుకోరు.