రుద్రకోపమును మన నిందయు

ఇంటిలో అకాలమరణము సంభవించినంతనే చదువుకొన్నవారి నోటనుండి సైతము మొదట వెలువడు మాట "ఎవరి పాపమో!" అనునది. ప్రత్యుత్తరము ముందుగనే సిద్ధమై యుండును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలో, భర్తను గోల్పోయిన ఆడుబిడ్డయో, వాకిట నిలిచిన పాలేరో, ఎవరో యొకరి నెత్తిన దైవకోపము మోపబడును. మోపినవారే శాంతికై రుద్రాభిషేకము చేయింతురు. తాము వినుచున్న నమకమున కర్థ మెన్నడైన విచారించిరా యని మేమడుగుచున్నాము.

కృష్ణయజుర్వేదములోని యీ 11 అనువాకములలో ఋషి మొట్టమొదట నమస్కరించునది రుద్రుని దయకు గాదు, కోపమునకు. పిమ్మట బాణమునకు, వింటికి, బాహువులకు మ్రొక్కి, ఆ బాణమే, ఆ విల్లే మంగళకరములు కావలెనని వేడుకొనును. కోపము లేదని బుకాయింపడు. కోపించినవానియందే కరుణను వెదకును. "దేవుడు దయామయుడు, కోపమను మాటనే తీసివేయుడు" అను నవీనులకంటె నితడు ధైర్యశాలి. అన్యాయమునకు గోపింపని దేవుని వలన దీనుల కేమి యాశ?

పదునొకండవ అనువాకమున శత్రువును రుద్రుల కోరలకు అప్పగించుట లేదా యని పండితులు మమ్ము బ్రశ్నింతురు. ఉన్నది, మేము దాచము. భయపడినవాని నోట నట్టి మాట రాక మానదు. కాని యచ్చటి శత్రువు మనలను ద్వేషించువాడు, మనము ద్వేషించువాడు. నోరులేని వితంతువు గాదు. నాలుగవ అనువాకమున వడ్రంగులకు, కుమ్మరులకు, కమ్మరులకు, నిషాదులకును నమస్కారములు గలవు. ఎవరిని వాకిట నిలిపితిమో వారిలోనే ఋషి రుద్రుని జూచెను.

సంస్కారపక్షమువారమైన మనమును నిర్దోషులము గాము. 1934 జనవరి 15వ తేదీని బీహారులో భూకంపము రాగా, అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన దండనమని గాంధిమహాత్ముడు పలికెను. రవీంద్రనాథుడు దానిని ఖండించెను. ఈ యొక్క విషయమున మేము రవీంద్రుని పక్షము. అస్పృశ్యత మహాపాపమే. అయినను గోడక్రింద నలిగిన పసిబిడ్డ నా పాపమునకు సాక్ష్యముగా జూపుటయు, కోడలి రాకను మరణమునకు గారణముగా జూపుటయు నొక్క త్రోవ తర్కమే.

పదియవ అనువాకమున "మా పెద్దలను, మా పిల్లలను, మా తల్లిదండ్రులను జంపకుము" అను నర్థముగల ప్రార్థన యున్నది. ఈసారి దానిని వినునప్పుడు పాఠకులు ఇంటిలోనికి దృష్టి సారింతురు గాక. ఆ "మా" అను మాటలో మూల గూర్చున్న ఆ కోడలు చేరినదా? చేరనియెడల ఆ యభిషేకము ఎవరి శాంతికి?