పై త్రోవ - క్రింది త్రోవ

వడాలా నుండి తూర్పుగా చూచినచో, ఉత్తర దక్షిణములుగా స్తంభములపై సాగిపోవు పొడవైన మార్గమొకటి కనిపించును. దానినే ఈస్టర్న్ ఫ్రీవే అందురు. దాని నీడను నిత్యము నడచు మనలో అనేకులు దాని పైన ఒక్కమారైనను ప్రయాణము చేసియుండరు. కావున ముందుగా దాని త్రోవను చెప్పుదుము.

దక్షిణ ముంబయిలో పి. డిమెల్లో రోడ్డుపై ఆరెంజి గేటు వద్ద ఈ మార్గము నేలను విడిచి పైకి లేచును. ఓడరేవు భూముల మీదుగా, గిడ్డంగులను దాటుచు, శివ్డీ, వడాలాల ప్రక్కగా ఆణిక్ చేరును. ఇంతవరకు తొమ్మిది కిలోమీటర్లకు పైగా స్తంభములపై నిలిచినదే. ఇది తెరచిన నాటికే దేశమున దీనిని మించిన ఫ్లైఓవరుగా హైదరాబాదులోని పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నది. దాని పొడవు 11.6 కిలోమీటర్లు. ఆణిక్ దాటిన పిమ్మట మన మార్గము కొండను తొలిచిన జంట సొరంగములలో అర కిలోమీటరు దూరము పోయి పాంజరాపోళ్ చేరును. అచ్చటి నుండి ఘాట్‌కోపర్-మాన్‌ఖుర్ద్ లింకు రోడ్డును కలియును. మొత్తము సుమారు 17 కిలోమీటర్లు.

2013 జూన్‌లో పాంజరాపోళ్ వరకును, 2014 జూన్‌లో తక్కిన భాగమును తెరచిరి. త్రోవకు అడ్డుగానున్న గుడిసెలవారికి వేరుచోట ఇండ్లు చూపుటలో చాల కాలము గడచినది. నిర్మాణమునకు కేంద్ర ప్రభుత్వపు నగర పునర్నవీకరణ పథకమునుండి ధనసహాయము లభించినది. కోట ప్రాంతమునుండి చెంబూరునకు గంట పట్టు ప్రయాణము అరగంట లోపలికి తగ్గినది. ఈ మేలును మేము కాదనము.

అయితే ఈ మేలు ఎవరికి? ద్విచక్ర వాహనములకును, ఆటోరిక్షాలకును, పాదచారులకును ఈ మార్గమున ప్రవేశము లేదు. వేగముగా పోవు కార్ల నడుమ స్కూటరు ప్రమాదమునకు లోనగునని కారణము చెప్పుదురు. నిజమే కావచ్చును. కాని పైన పోనీయని స్కూటరు ఎచ్చటికి పోవును? క్రింది త్రోవకే గదా! అచ్చట రేవునకు సరుకు మోయు లారీల చక్రముల సందున, గుంతలను తప్పించుకొనుచు పోవలెను. కారు తగులునను భయముచే లారీకి అప్పగించుట ఏపాటి రక్షణ?

ఈ నగరపు కట్టడములతో మనవారికి పాత సంబంధము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున తెలుగుదేశము నుండి వచ్చి రాళ్ళు మోసిన కామాఠీల పేరనే కామాఠిపుర వెలసినది. వారి వంశములవారు, వారి వెనుక వచ్చినవారు నేటికిని అధికముగా నడచియో, బస్సులోనో, రైలులోనో, పాత మోటారు సైకిలుపైననో పనికి పోవుచున్నారు. పెట్రోలుపై పన్ను వారును చెల్లించుచున్నారు.

స్కూటర్లను నేడే పైకి పంపుడని మేము కోరుట లేదు. పై మార్గమున బస్సులను విరివిగా, సామాన్యుడు పెట్టుకొనగల ఛార్జీతో నడుపవలెను. క్రింది త్రోవను బాగుచేసి, లారీలకు వేరుగా ద్విచక్ర వాహనములకు కొంత జాగా గీయవలెను. ఇందుకు కొత్త స్తంభములు అక్కరలేదు.

2024 జనవరిలో శివ్డీ నుండి తెరచిన అటల్ సేతుపైనను ద్విచక్ర వాహనములకు అనుమతి ఈయలేదు. ఇప్పుడు ఆరెంజి గేటు నుండి మెరీన్ డ్రైవునకు భూగర్భ మార్గమును నిర్మించుచున్నారు. దాని ద్వారమున ఏ నిషేధపు పలకను తగిలింతురో అది తెరువక మునుపే అడుగుట మంచిదని మాకు తోచుచున్నది.