దొర గెలిచెనా, భూమి గెలిచెనా?

సేద్యగాండ్ర పత్రికలో అమెరికా టెలివిజను కథకు చోటేల యని మా చదువరులలో కొందఱు అడుగవచ్చును. ఆ కథ పేరు "ఎల్లోస్టోన్". పైకి చూచిన అది గుఱ్ఱములు, తుపాకులు, వెడల్పు అంచుల టోపీలు గల కథ. లోన చూచిన అది భూమి తగవు. భూమిని అమ్మవలెనా నిలుపుకొనవలెనా, తండ్రి పోయిన వెనుక అది ఎవరికి చెందవలెను, అసలు తొలుత అది ఎవరిది అను ప్రశ్నలే అందలి సారము. ఈ ప్రశ్నలు దేవరకొండ ప్రాంతమున ఏ రచ్చకట్టమీదనైనను వినవచ్చునవే. మన యూళ్లనుండి అమెరికాకు పోయిన పిల్లలును, ఇంటిపట్టుననే సెల్‌ఫోనులో పరదేశపు కథలు చూచు యువకులును దీని నెఱుగుదురు. దీని అభిమానులు కథ ముగింపును గూర్చి పక్షములుగా చీలి వాదించుకొనుచున్నారు. ఆ వాదములో రైతునకు పనికివచ్చు సంగతి యొకటి కలదని మా యభిప్రాయము.

తెలుగువారికి ఈ తరహా కథ క్రొత్తది కాదు. 1971లో పద్మాలయా సంస్థవారు కృష్ణ నాయకుడుగా, కె. ఎస్. ఆర్. దాసు దర్శకుడుగా "మోసగాళ్లకు మోసగాడు" అను చిత్రమును తీసిరి. ఆరుద్ర రచించిన యా కథను రాజస్థాను ఎడారులలో చిత్రీకరించిరి. తరువాత 1990లో చిరంజీవి నటించిన "కొదమసింహం", 2002లో మహేశ్‌బాబు నటించిన "టక్కరి దొంగ" వచ్చినవి. కృష్ణ 2022లో కీర్తిశేషులైన పిమ్మట, మఱుసటి యేడు మే 31న వారి జన్మదినమున ఆ పాత చిత్రమును మెఱుగుపెట్టి మరల విడుదల చేసిరి. కాని మన చిత్రములవారు ఆ దేశమునుండి టోపీని, గుఱ్ఱమును, తుపాకిని తెచ్చుకొనిరే గాని భూమిని తెచ్చుకొనలేదు. మన నాయకుడు వెదకునది నిధిని. ఎల్లోస్టోన్ కథలో వేఱు నిధి లేదు. అక్కడ భూమియే నిధి.

ఈ కథ 2018 జూన్ నెలలో మొదలై ఐదు భాగములుగా నడచి 2024 డిసెంబరు 15న ముగిసినది. మోంటానా రాష్ట్రమున లక్షల యెకరముల పశుక్షేత్రము గల డటన్ కుటుంబము కథకు మూలము. ఇంటి పెద్ద జాన్ డటన్. ఆ పాత్రను కెవిన్ కాస్ట్‌నర్ ధరించెను. ఒక వైపున విమానాశ్రయమును, విలాసగృహములను కట్టదలచిన కంపెనీ. రెండవ వైపున ఆ నేల పూర్వము తమవారిదని చెప్పు ఆదివాసి నాయకుడు థామస్ రెయిన్‌వాటర్. మూడవ వైపున సొంత బిడ్డల కలహము. ఈ మూటి నడుమ అంగుళము నేలయైనను విడువనని ఆ ముదుసలి పట్టుపట్టి కూర్చుండును. 2022 నవంబరులో ఐదవ భాగము ఆరంభమైన నాటి రాత్రి దానిని 1 కోటి 20 లక్షలకు పైగా జనులు చూచిరి. ఈ మానునుండి రెండు కొమ్మలు పుట్టినవి. 2021లో వచ్చిన "1883" ఆ కుటుంబము ఆ నేలకు ఎట్లు చేరెనో చెప్పును. 2022 మొదలు 2025 వఱకు నడచిన "1923" కఱవు కాలమున దానిని ఎట్లు కాపాడుకొనెనో చెప్పును.

అభిమానుల మాట విందము. అధికసంఖ్యాకులు జాన్ డటన్‌ను ఆరాధించిరి. పట్నపు ధనమునకు తల వంచని పల్లెవాడు ఇన్నాళ్లకు తెఱపై కనబడెనని సంతసించిరి. అతని కూతురు బెత్ తెగువను మెచ్చినవారు కొల్లలు. మఱికొందఱు "1883" యే అన్నింటిలో ఉత్తమమనిరి. అందు వలస బండ్ల వెంట నడచినవారి బాధలు కలవు, తుపాకి గొప్పలు తక్కువ. తుదిభాగమునకు ముందే కాస్ట్‌నర్ తప్పుకొనుటచే జాన్ డటన్‌ను తెఱవెనుకనే చంపించిరి. ఇది పలువురకు రుచింపలేదు. ఇక ముగింపులో బిడ్డలు క్షేత్రమును ఆదివాసులకు అమ్మివేయుటను చూచి కొందఱు, ఇంత పోరాటము ఇందుకేనా యని కోపించిరి. కొందఱు, నేల తన వారికి తాను చేరినదని కన్నీరు పెట్టుకొనిరి.

నల్లగొండ జిల్లావారము గనుక మేము ఈ వాదమును వేఱు కన్నుతో చూడక తప్పదు. లక్షల యెకరములు, ఆయుధములు పట్టిన నౌకరులు, ఎదిరించినవాని శవమును లోయలో పాఱవేయుట, క్షేత్రపు గుర్తును కాల్చి పనివాని ఱొమ్మున ముద్ర వేయుట, తుదకు ఆ రాష్ట్రపు గవర్నరు పదవియు తనదే యగుట: ఈ లక్షణములన్నియు కలవానిని మన తాతలు ఏ పేరుతో పిలిచిరో మన యూళ్లలో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు కూలినది అట్టి దొరతనము నెదిరించియే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు చేనిని, పంటను వదలక నిలిచినది అట్టి దొరతనము నెదిరించియే. ఆ మనుమలే నేడు సెల్‌ఫోనులో అమెరికా దొర కొఱకు కంట తడిపెట్టుట చూచి మేము పరిహసింపము. వారు ప్రేమించుచున్నది దొరను కాదు, అతడు విడువని నేలను. ఆ ప్రేమ మంచిదే. కాని దొరయు నేలయు ఒకటే యనుకొనుట పొరపాటు. ఈ పొరపాటే అభిమానుల తగవునకు మూలమని మా తలంపు.

దొరను ప్రక్కకు నెట్టి నేల కథను మాత్రమే చదివిచూడుడు. మొదటి కొమ్మయగు "1883" లో జేమ్స్ డటన్ బాణము తగిలి చనిపోవుచున్న కూతుఱు ఎల్సాతో ప్రయాణము చేయును. ఆమె కన్నుమూసిన చోటనే నివసింతుమని నిశ్చయించుకొనును. ఆ తావు చూపిన ఆదివాసి వృద్ధుడు, ఏడవ తరమున మావారు లేచి ఈ నేలను మరల తీసికొందురని ముందే హెచ్చరించును. జేమ్స్ అందుకు సమ్మతించును. అనగా ఆ పట్టా మొదటినుండి గడువు గల పట్టాయే. జాన్ డటన్ చేసిన పోరాటమంతయు తన తాతల నాటి యొప్పందమును మఱచి చేసిన పోరాటము.

రెండవ కొమ్మ సహకార సభ్యులు తప్పక చూడదగినది. "1923" లో పచ్చిక యెండి, పశువులు తఱిగి, భూమిపన్ను చెల్లింప లేని దశ డటన్‌లకు వచ్చును. విట్‌ఫీల్డ్ అను ధనికుడు వారి పన్నును తాను చెల్లించి, సంవత్సరాంతములోపల ఆ సొమ్ము తీర్చనిచో క్షేత్రము తనదగునని వ్రాయించుకొనును. అంతటి తుపాకుల కోటను ముట్టడించిన ఆయుధము ఒక కాగితము. ఈ సంగతి మన పెద్దలకు క్రొత్త కాదు. శిస్తుకై అప్పు, అప్పునకై తాకట్టు, తాకట్టు తీఱక భూమి షావుకారు పేర మాఱుట ఈ దేశమున ఊరూర జరిగినదే. ఆ యురినుండి రైతును తప్పించుటకే 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము చేయబడెను. తెఱపై చూచి విట్‌ఫీల్డ్‌ను తిట్టినవాడు, తెల్ల కాగితముపై వ్రేలిముద్ర వేసి బయట అప్పు తెచ్చుకొనరాదు.

ఇక ముగింపు. జాన్ డటన్ మరణింపగా వారసత్వపు పన్ను బిడ్డల నెత్తిన పడును. భూమి కలదు గాని చేత రొక్కము లేదు. అప్పుడు చిన్న కుమారుడు కేసీ, తండ్రి శత్రువుగా నెంచిన రెయిన్‌వాటర్‌నొద్దకే పోయి, యెకరము డాలరు పాతిక సెంట్లకు ఇచ్చెదననును. అది 1883 నాటి ధర. షరతులు రెండే: దానిని ఎన్నడును అమ్మరాదు, దానిపై కట్టడములు లేపరాదు. తన భార్యాపుత్రులతో బ్రదుకుటకు తూర్పు మూలనున్న కొంత నేలను మాత్రము ఉంచుకొనును. డటన్‌ల సమాధులను కాపాడెదమని అవతలివారు మాట యిత్తురు. తండ్రి తుపాకితో సాధింపలేని దానిని కొడుకు ఒక యొప్పందముతో సాధించెను. కంపెనీ విమానాశ్రయము రాలేదు, నేల ముక్కలు కాలేదు, గడ్డి గడ్డిగనే నిలిచెను. కావున ఇది ఓటమి యని కోపించిన అభిమానులతో మేము ఏకీభవింపము. ఓడినది దొరతనము, గెలిచినది భూమి.

ఇట్టిది కథలలోనే జరుగునని యందురేమో. 1951 ఏప్రిలు 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే యెదుట హరిజనులు 80 ఎకరములు కావలెనని యడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చుటకు లేచి నిలువలేదా? భూదానము పుట్టినది మన నేలమీదనే. అయితే దాని వెనుకటి చరిత్రయు మఱువరాదు. దేశమంతట దానముగా ప్రకటింపబడిన భూమిలో చాల భాగము పేదల చేతికి చేరనేలేదు. మంచి మనసు ఒక్కటే చాలదు. హద్దులు, కాగితములు, షరతులు సరిగా నుండవలెను. కేసీ డటన్ చేసిన పనిలో మెచ్చదగినది ధర చౌక యగుట కాదు, షరతును విడువకుండుట.

అభిమానుల ప్రేమ చేసిన చిత్రమొకటి కలదు. క్రొత్తవారు వచ్చి నేలను పాడుచేయుదురని మొఱపెట్టు ఈ కథను చూచి, ఆ నేలను చూడవలెనని జనులు మోంటానాకు తండోపతండములుగా పోయిరి. 2021లో 21 లక్షలమంది సందర్శకులు ఈ కథ ప్రభావమున కొంతవఱకైనను వచ్చి, దాదాపు 73 కోట్ల డాలర్లు వ్యయపఱచిరని మోంటానా విశ్వవిద్యాలయమువారు లెక్కించిరి. కథ చిత్రీకరించిన డార్బీ సమీపపు క్షేత్రము యాత్రాస్థలమైనది. నేలను మెచ్చుకొనుట వేఱు, నేలను నిలుపుట వేఱు. ఈలలు వేసినంత మాత్రమున ఒక్క గుంట చెలకయు దక్కదు.

లక్షల యెకరముల కథతో మాకేమి పోలిక యని సభ్యులు అనవచ్చును. 2015–16 వ్యవసాయ గణన ప్రకారము తెలంగాణమున సగటు కమతము ఒక హెక్టారు, అనగా రెండున్నర ఎకరములు మాత్రమే. పెద్ద కమతము తప్పులను కొంతకాలము భరించును. చిన్న కమతము ఒక్క తప్పును కూడ భరింపజాలదు. మన దేశమున 1953లో వచ్చిన మృతుల యాస్తిపై సుంకము 1985లో రద్దయినది. కావున డటన్ బిడ్డలను ముంచిన పన్ను మనకు లేదు. మనకున్నది వేఱొక గండము: పెద్దవాడు బ్రదికియుండగా ఏదియు తేల్చకుండుట. 2020లో ధరణి వచ్చెను, 2025లో భూభారతి చట్టము వచ్చెను. పట్టా తాత పేరనే యుండిపోయిన కుటుంబములకు ప్రతి మార్పును ఒక చిక్కే యగును. ఆడబిడ్డలకు సమానభాగము ఈ ప్రాంతమున 1985 నుండియే చట్టములో నున్నది. ఇంటిలో మాత్రము ఆ మాట తండ్రి దినము నాడు గాని పుట్టదు. అప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు మొగములు త్రిప్పుకొందురు. ఆ సందులోనే దళారి ప్రవేశించును. సాగరు త్రోవ ప్రక్కన రాళ్లు పాతిన చెలకలలో ఇట్టి తగవు వెనుక అమ్ముడైనవి ఎన్ని యుండునో సభ్యులే తలచి చూచుకొనవలెను.

కావున మా విన్నప మిది. కథ చూడుడు, ఆనందింపుడు, నచ్చినవానికి ఈల వేయుడు. కాని జాన్ డటన్ మొండితనమును ఆదర్శముగా గొనకుడు. అతడు భూమిని ప్రేమించెను గాని తన వెనుక దాని గతి యేమో తేల్చలేదు. మీరు బ్రదికియుండగనే కొడుకులను, కూతుండ్రను ఒక్క చోట కూర్చుండబెట్టి భాగములు తేల్చుడు, వ్రాయుడు, రిజిస్టరు చేయుడు. అప్పు కావలసిన మొదట సంఘమును అడుగుడు. అమ్మక తప్పని నాడు దళారికి చెప్పుటకు ముందు ప్రక్క చేనివానికి చెప్పుడు. బావి వాటాను, బండి బాటను కాగితములో నెక్కించుడు. తగవులాడిన పొరుగువాడైనను సాగుచేయువాడే యైనచో, ఎక్కువ ధర యిచ్చి రాళ్లు పాతువానికంటె అతడే మేలేమో ఆలోచింపుడు. తుపాకి పట్టిన దొరలు తెఱమీదను, మన జిల్లా చరిత్రలోను గడచిపోయిరి. సాగుచేయు చేతులలో నున్నంతకాలమే నేల చేనుగా నుండును.