చెరువు పక్కన ప్లాట్ కొంటున్నారా? మ్యాప్‌లో ఉన్న ఫొటో ఏ నెలదో చూశారా?

హైదరాబాద్ శివార్లలో ప్లాట్ బేరం ఇప్పుడు ఫోన్‌లోనే మొదలవుతోంది. ఏజెంట్ వాట్సాప్‌లో లొకేషన్ పంపిస్తాడు.. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు మ్యాప్ ఓపెన్ చేస్తారు. ఖాళీ నేల, పక్కనే రోడ్డు కనిపిస్తే అడ్వాన్స్ పంపేస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2024 జులైలో ఏర్పాటైన హైడ్రా చెరువుల్లో కట్టిన నిర్మాణాలను కూల్చేస్తోంది. ఆ ఏడాది ఆగస్టు 24న తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ కూల్చివేత అందరూ చూసిందే. రిజిస్ట్రేషన్ కాగితాలున్నా, బ్యాంక్ లోన్ ఇచ్చినా.. స్థలం చెరువు హద్దులో ఉందని తేలితే ముందు నలిగేది కొన్నవాళ్లే.

ఫొటోలో నీళ్లు లేకపోతే చెరువు కానట్టేనా?

ఆన్‌లైన్ మ్యాప్‌లో కనిపించేది లైవ్ కాదు. నెలల కిందటో, ఏళ్ల కిందటో తీసిన ఫొటో. పైగా వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి మబ్బుల్లేని రోజుల చిత్రాలే ఎక్కువగా వాడతారు. ఎండాకాలం ఫొటోలో ఎండిన చెరువు మైదానంలా ఉంటుంది.

అందుకే పాత చిత్రాలు చూడాలి. గూగుల్ ఎర్త్‌లో తేదీ వెనక్కి జరుపుతూ అదే చోటును ఏళ్ల వారీగా చూడొచ్చు. 2020 అక్టోబర్ వరదల తర్వాతి చిత్రం దొరికితే ఇంకా మంచిది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, తర్వాత మట్టి పోసి పూడ్చారో లేదో అర్థమవుతుంది. ఇస్రో ‘భువన్’ పోర్టల్‌లోనూ ఉచితంగా చూసుకోవచ్చు.

మ్యాప్ చెప్పలేనిది ఇదే

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం. అది ఎత్తుకు సంబంధించిన లెక్క.. పైనుంచి తీసిన మామూలు ఫొటోలో తెలియదు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ నేలమీద 10 మీటర్లు. అంటే 200 గజాల ప్లాట్ రెండు పిక్సెళ్లు కూడా ఉండదు. ఇక 9 మీటర్ల గీత ఎలా తేలుతుంది? గూగుల్ ఫొటో ఇంకా స్పష్టంగానే ఉంటుంది, కానీ సర్వే నంబర్ల హద్దులు అందులో ఉండవు.

ఒక్కమాటలో చెప్పాలంటే.. శాటిలైట్ ఫొటో ‘వద్దు’ అనడానికి చాలు, ‘కొనొచ్చు’ అనడానికి చాలదు. ఏ పాత ఫొటోలోనైనా ప్లాట్ మీద నీళ్లు కనిపిస్తే అక్కడే ఆగండి. కనిపించకపోతే హెచ్ఎండీఏ చెరువుల మ్యాపుల్లో సర్వే నంబర్ చూసి, ఇరిగేషన్ అధికారులను అడిగి, సర్వేయర్‌తో కొలిపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.