ఆట మనది, అంగడి కూడా మనది కావాలి

స్వతంత్ర గేమ్ డెవలపర్లారా!

కంప్యూటర్ గేముల అమ్మకంలో పెత్తనం స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌ది. వంద రూపాయల అమ్మకంలో ముప్పై దానికే పోతాయి. 2018లో ప్రకటించిన తగ్గింపు కూడా కోటి డాలర్ల అమ్మకాలు దాటిన గేములకే వర్తించింది. అంటే రాయితీ పెద్దలకు, పూర్తి భారం చిన్న స్టూడియోలకు. ఇంతకంటే పెద్ద నష్టం మరొకటుంది: మన గేమ్ కొన్నవాళ్లెవరో మనకు తెలియదు, వాళ్ల చిరునామాలు స్టోర్ చేతిలోనే ఉంటాయి. మొబైల్ స్టోర్లలోనూ ఇదే తీరు: 2024 మార్చిలో ఫీజు వివాదం వల్ల గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తొలగిస్తే, కేంద్ర ప్రభుత్వం కల్పించుకున్నాకే అవి తిరిగి వచ్చాయి. పేరున్న కంపెనీల కోసం ప్రభుత్వం కదిలింది. ముగ్గురు కలిసి నడిపే స్టూడియోకు అదే గతి పడితే అడిగేవారెవరు? ప్లే స్టోర్ బిల్లింగ్ నిబంధనలపై 2022లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు వేసిన 936 కోట్ల రూపాయల జరిమానా 2025లో అప్పీలు ట్రిబ్యునల్ దగ్గర 216 కోట్లకు తగ్గింది. తీర్పుల కోసం కాచుకుని కూర్చుంటే మన స్టూడియోలు నిలబడవు.

అందుకే ప్రతి గేమ్‌కూ సొంత అమ్మకపు దారి ఒకటి ఉండాలి. ఫ్యాక్టోరియో అనే గేమ్ స్టీమ్‌లోనూ, తన సొంత సైట్‌లోనూ అమ్ముడవుతోంది. స్టీమ్ ఇచ్చే యాక్టివేషన్ కీలను మన సైట్‌లో అమ్ముకుంటే ఆ అమ్మకంలో స్టీమ్‌కు వాటా ఉండదు. ఇచ్.ఐఓ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో అయితే స్టోర్‌కు ఎంత వాటా ఇవ్వాలో అమ్మేవారే నిర్ణయించుకోవచ్చు. జనమంతా స్టీమ్‌లో ఉంటే మన సైట్‌కు ఎవరొస్తారని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. స్టీమ్‌ను వదిలేయమని మేం చెప్పడం లేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు వచ్చాక మార్కెట్ యార్డులు మూతపడలేదు, రైతుకు రెండో దారి దొరికింది. మనకూ కావలసింది అదే. స్టోర్‌లో మన గేమ్‌ను చూసినవాళ్లు మన సైట్‌కు వచ్చి పేరు నమోదు చేసుకుంటే, తర్వాతి గేమ్ కబురు వాళ్లకు మనమే చెప్పగలం. బిల్లింగ్, రీఫండ్ల పని చిన్న బృందానికి మోయలేని బరువన్నది మరో అభ్యంతరం. ఒంటరిగా అయితే బరువే. పది స్టూడియోలు కలిసి ఒక ఉమ్మడి దుకాణం పెట్టుకుంటే ఆ పనిని, ఖర్చును అందరూ పంచుకోవచ్చు.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ స్టూడియోలకు మా విన్నపం ఇది: తర్వాతి గేమ్ విడుదలకు ముందే సొంత సైట్ తెరవండి. ఆటగాళ్ల సమ్మతితో వాళ్ల ఈమెయిళ్లు సేకరించండి. గేమ్ తయారీలోనూ ఒకే కంపెనీపై ఆధారపడకుండా, గోడో వంటి ఓపెన్ సోర్స్ గేమ్ ఇంజిన్‌ను పరిశీలించండి. ఉమ్మడి దుకాణానికి చేతులు కలపండి. స్టోర్ రేపు షరతులు మార్చినా మన ఆటగాళ్లు మనతోనే ఉండాలంటే, ఆ పని ఈ రోజే మొదలుపెట్టాలి.