పిల్లల్తోని ఆడుడు సుద్ద తర్బియతే

మొన్న జుమ్మా నమాజు అయినంక మస్జిద్ మెట్ల కాడ ఒక మాటన్న. "నార్కట్‌పల్లి అమ్మీ-అబ్బాలకు పిల్లల్తోని ఎట్ల ఆడాల్నో నేర్పే క్లాసులు పెడదాం. పది వారాలు, వారానికి రెండు గంటలు." అందరు నవ్విన్రు. ఒక పెద్దమనిషి "క్యా మియా, గోలీలాడుడు సుద్ద నేర్పుతవా? ఇవి అంగ్రేజోళ్ల నఖ్రాలు. మా అబ్బా బెల్టు తీసిండు, మేం సీదాగ పెరిగినం" అన్నడు. ఆయన ఉమర్ చూసి అక్కడ జవాబియ్యలేదు. ఇక్కడ ఇస్తున్న.

క్లాసు సంగతి ముందు చెప్త. పిల్లల మనసు బాగుచేసే ప్లే థెరపీ హునర్ నిపుణుల చేతుల్లనే ఎందుకుండాలె, తల్లిదండ్రులకే నేర్పొచ్చు కదా అని 1964ల అమెరికా సైకాలజిస్టు బెర్నార్డ్ గెర్నీ రాసిండు. తర్వాత టెక్సాస్‌ల గ్యారీ లాండ్రెత్ దాన్ని పది వారాల క్లాసు చేసిండు. అక్కడ నేర్చుకున్నది ఇంట్ల వారానికి అర్ధగంట చెయ్యాలె. బొమ్మలు, మట్టి, రంగులు, వంటసామాన్ల ఆట ఉంటే చాలు. ఆ అర్ధగంట బచ్చానే మాలిక్. హుకుం చెయ్యొద్దు, సవాళ్లు అడగొద్దు, సబక్ చెప్పొద్దు. వాని దిల్‌ల ఉన్నది చూసి మాటల్ల పెట్టాలె. అట్లని హద్దు లేదని కాదు. బొమ్మ నా మీదికి ఇసిరితే "గుస్సా వచ్చింది నీకు. నేను కొట్టించుకునేటందుకు లేను. ఆ దిండును కొట్టొచ్చు" అనాలె.

ఇది నఖ్రానా? మన నబీ (స.అ.స.) సజ్దాల ఉంటే మనవడు వీపెక్కిండు. వాని ఆట అయ్యేదాక సజ్దా లంబా చేసిన్రు. మనవరాలు ఉమామాను ఎత్తుకొనే నమాజు చదివిన్రు. పెంచుకున్న పిట్ట చచ్చిపోయిన చిన్న పిల్లగాన్ని దాని పేరు పెట్టి పలకరించిన్రు. పదిమంది ఔలాద్‌ల ఒక్కర్ని కూడ ముద్దుపెట్టుకోలేదని చెప్పిన అఖ్రా బిన్ హాబిస్‌కు, రహమ్ చూపనోనికి రహమ్ దొరకదని చెప్పిన్రు. ఇవి టెక్సాస్ నుంచి రాలేదు.

ఇంత ఉండంగ మనం సునాయించేది ఒకటే. నమాజుకు ఏడేండ్లకు పిలువుండ్రి, పదేండ్లకు కొట్టుండ్రి. నడుమ మూడేండ్లున్నయి కదా! రోజుకు ఐదుసార్లు లెక్కేస్తే ఐదువేల పైచిలుకు సార్లు. అన్నిసార్లు మొహబ్బత్‌తోని పిలిచినంక కదా పదేండ్ల మాట. అదిగూడ దెబ్బ ఆనవాలు పడొద్దు, మొఖం మీద పడొద్దు అని ఆలిములు షర్తులు పెట్టిన్రు. బెల్టు ఎక్కడిది మధ్యల?

నేను ఫరిష్తాను కాను. మా చిన్నోనికి ఆరేండ్లు. పోయిన రంజాన్‌ల అల్మారా మీది టోపీ కోసం చెయ్యెత్తిన. వాడు రెండు చేతులు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. మా ఆవిడ చూసింది, ఏమనలేదు. ఆ రాత్రి తరావీహ్‌ల ఏం చదివిన్రో నాకు యాదిలేదు.

అప్పట్నించే ఈ అర్ధగంట మొదలువెట్టిన, ఇత్వార్ అసర్ అయినంక. మొదటి రెండు వారాలు "అబ్బా, ఇది తీసుకోనా?" అని ప్రతిదానికి ఇజాజత్ అడిగిండు. మూడో వారం పెద్ద బొమ్మతోని చిన్న బొమ్మను కొట్టిచ్చిండు. గట్టిగనే కొట్టిచ్చిండు. అది నేనే అని ఎరుకైంది. సబక్ చెప్పబోయి నోరు మూసుకున్న. "చిన్నోనికి డర్ అయితంది" అన్న. "హా, బహుత్" అన్నడు, నా దిక్కు చూడకుండ. ఇంట్ల అన్నేండ్లు ఉండి ఆ ముచ్చట నేను ఆనాడే విన్న.

టైం లేదంటరు. హైవే మీద లారీలు నడిపేటోళ్లకు, మెకానిక్ షెడ్డుల రాత్రిదాక ఉండేటోళ్లకు నిజంగనే లేదు, నాకు తెలుసు. సౌదీల ఉన్నోళ్లకైతే ఇంకా లేదు. రెండేండ్లకు వచ్చిన అబ్బాను చూసి బచ్చా నానీ వెనక దాక్కుంటడు. ఆయన హక్కు చూపియ్యనీకి మొదటి వారమే చెయ్యి లేపుతడు. ఫోన్‌కు ఇచ్చే టైంల అర్ధగంట తీస్తే సరిపోతది.

ఆటతోని అన్ని మర్జ్‌లు పోతయని నేననను. నిద్రపోని, మాట్లాడని, తనను తాను కొట్టుకునే పిల్లల్ని డాక్టరుకే చూపియ్యాలె. మన ఊర్లనే మెడికల్ కాలేజీ దవాఖాన ఉన్నది. అక్కడి మనోవైద్యుల్ని ఒక రోజు వచ్చి మాట్లాడుమని అడుగుదాం. ఖవాతీన్‌కు వేరే టైం పెడదాం. వాళ్లకే దీని కదర్ ఎక్కువ తెలుస్తది, అందరికంటే ముందు వాళ్లే వస్తరు.

బొమ్మలు నేను తెస్త. కమిటీవాళ్లు మక్తబ్ గది చాబీ ఇస్తే చాలు. నవ్విన పెద్దమనిషికి మొదటి వారమే దావత్.