నేరేడుపండును వార్ధక్యమును

ముసలితనమును ఆపగల ఫలమొకటి గలదని వినినచో దానిని కొనగోరనివారెవరు? ఈ కోరిక కొత్తది కాదు. పేరు మాత్రమే కొత్తది. పూర్వులు అమృతమనిరి, నేటివారు యాంటీఆక్సిడెంటు లనుచున్నారు. మన పట్టణముల అంగళ్లలో విదేశములనుండి వచ్చిన ఎండు బ్లూబెర్రీలు చిన్న పొట్లములుగా అమ్ముడగుచున్నవి. వాని సారమని చెప్పబడు మాత్రలు వేఱుగా గలవు. ఉద్యోగములలోనున్న కుమారులును కుమార్తెలును వృద్ధులైన తలిదండ్రులకు వీనిని ప్రేమతో కొని పంపుచున్నారు. ఆ ప్రేమను నేనాక్షేపింపను. ఆ ధనము తగిన చోట వ్యయమగుచున్నదా యనునదే నా ప్రశ్న.

మొదట శాస్త్రమును చూతము. మనము పీల్చు ప్రాణవాయువు దేహమున ఆహారమును దహించి శక్తిని పుట్టించును. ఆ పనిలో స్థిరత్వము లేని కొన్ని అణువులు పుట్టి, దాపుననున్న కణభాగములను చెఱచును. కోసిన వంకాయముక్క గాలి సోకి నల్లబడుట యెల్లరు నెఱిగినదే. అదియు ప్రాణవాయువు పనియే. ఇట్టి నష్టము ఏండ్లతరబడి కూడి ముసలితనమగునని 1956లో డెన్‌హామ్ హార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. ఈ నష్టమునకు అడ్డుపడు పదార్థములకే యాంటీఆక్సిడెంట్లని పేరు. ఉసిరికలోని సి విటమినును, పండ్లకు ఎఱుపు, నీలము, ఊదా వన్నెల నిచ్చు ఆంథోసయనిన్లును ఆ కోవలోనివి.

బ్లూబెర్రీకి కీర్తి ఊరక రాలేదు. 1999లో బోస్టను నగరమున టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధనాలయములో జేమ్స్ జోసెఫ్ మొదలగువారు 19 నెలల ముసలి ఎలుకలకు 8 వారములు ఈ పండ్ల సారమును పెట్టగా, వాని నడకలోను జ్ఞాపకశక్తిలోను మెఱుగు కనబడెను. ఎలుకలు మనుష్యులు కావందురా? 2012లో అమెరికాలో 70 ఏండ్లు దాటిన 16,010 మంది స్త్రీల ఆహారమును జ్ఞాపకశక్తిని పోల్చి చూచిన పరిశోధన వెలువడినది. బ్లూబెర్రీలు, స్ట్రాబెర్రీలు తఱచుగా తినువారిలో బుద్ధిమాంద్యము రెండున్నర సంవత్సరములవఱకు వెనుకబడినట్లు తోచెను. ఐనను, అట్టి పండ్లు తినువారు నడకలోను ఇతర భోజనములోను గూడ శ్రద్ధ గలవారై యుండవచ్చును గదా! పరిశోధకులు ఆ భేదములను లెక్కలో తీసివేయ యత్నించిరి గాని, అట్టి లెక్కతో సంశయము పూర్తిగా తీఱదు.

పండులోని గుణము మంచిదైనచో, ఆ గుణమును మాత్రమే తీసి మాత్రగా మ్రింగుట మఱింత మంచిది కాదా? తర్కమునకిది చక్కగా నున్నది. ఫిన్లండు దేశమున దీనిని పరీక్షించిరి. పొగత్రాగు అలవాటు గల 29,133 మంది పురుషులలో కొందఱికి బీటాకెరోటీను మాత్రల నిచ్చిరి. 1994లో ఫలితము ప్రకటింపబడినపుడు వైద్యలోకము నివ్వెఱపోయినది. ఆ మాత్రలు పుచ్చుకొన్నవారిలో ఊపిరితిత్తుల రాచపుండు నూటికి 18 వంతులు అధికముగా కానవచ్చెను. మేలు చేయునని తలచినది కీడు చేసినది. పరీక్షనాళికలో ఏ పండునకు ఎంత బలము గలదో చూపు అంకెల పట్టికను అమెరికా వ్యవసాయశాఖ ప్రచురించి, వర్తకులు దానిని తమ ప్రకటనలకు వాడుకొనుటయు, ఆ అంకెలకు దేహములోని ఫలితమునకు సంబంధము ఋజువు గాకుండుటయు చూచి, 2012లో తానే తొలగించినది. ఐనను పొట్లములపై అట్టి గొప్పలు నేటికిని తఱుగలేదు.

కావున నా యభిప్రాయమిది: పండు తినుడు, మాత్ర మానుడు, పండును మన చెట్టుననే వెదకుడు. ఈ కడపటి మాట స్వదేశాభిమానముచేత పలికినది కాదు. అల్లనేరేడు పండును కొఱికినపుడు నాలుకను ఊదాగా చేయు రంగు ఆంథోసయనిన్లదే, బ్లూబెర్రీలోని రంగునకు చుట్టమే. బోస్టనులోని పరీక్షలు నేరేడుపై జరిగినవి కావు. అందుచేత ఆ ఫలితమును ఉన్నదున్నట్లు దీనికి అంటగట్టరాదు. కాని తాజా పండుగా మంచిదగుటకు దానికేమి లోపము? ఉసిరిక సంగతి వేఱుగా చెప్పనేల? 1918లో కూనూరులో మెకారిసన్ దొరగారి చిన్న పరిశోధనాశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలలో, సి విటమిను విషయమున నారింజ దానికి చాల దూరమున నిలిచియున్నది.

అమెరికావారిని చూచి మనము నేర్వవలసినది పండు తెప్పించుకొనుట గాదు. బ్లూబెర్రీ అక్కడ అడవిపొద. ఒక శతాబ్దము క్రిందటివఱకు దానిని ఎవరును సాగుచేయలేదు. 1911లో న్యూజెర్సీలోని ఎలిజబెత్ వైట్ అను రైతుబిడ్డ, ఫ్రెడరిక్ కోవిల్ అను వృక్షశాస్త్రజ్ఞునితో చేరి, పెద్దపండ్లు కాయు పొదలను వెదకి తెచ్చినచో బహుమానమిత్తునని అడవిలో తిరుగు పల్లెవారికి చెప్పెను. పండు కొలుచుటకు వారికి కొలతసాధనము నిచ్చి, దొరికిన పొదకు తెచ్చినవాని పేరే పెట్టెను. 1916లో తొలి పంట అంగడికి వచ్చినది. మన గట్లమీది పరికి, కలే, బలుసు పొదలను అట్లు కొలిచి చూచినవారెందఱు? గట్టు చదును చేయువేళ వానిని ముండ్లకంపలని కొట్టివేయుచున్నాము. రేగిపండ్లనైతే భోగినాడు పిల్లల తలపై పోసి, నోటిలో వేయుట మఱచుచున్నాము!

ఇక ఒక అపాయమును గూర్చి కొంచెము కఠినముగానే చెప్పవలెను. నేరేడుగింజల పొడి మధుమేహమును పోగొట్టునని నమ్మి, వైద్యుడిచ్చిన మాత్రలను మానుకొను వృద్ధులు మన గ్రామములలో నున్నారు. 2004లో బ్రెజిలుదేశపు వైద్యులు నేరేడాకుల పానీయమును రోగులకిచ్చి పరీక్షించిన ఫలితమును ప్రకటించిరి. వైద్యపు మాత్ర పుచ్చుకొన్నవారికి రక్తములోని చక్కెర తగ్గినది, పానీయము త్రాగినవారికి తగ్గలేదు. నేరేడుపండు భోజనములో భాగము. ఔషధమునకు బదులు కాదు. విద్యార్థులారా, మీ తాతగారు మాత్రలు మానిరేమో అడిగి తెలిసికొనుడు. అది గ్రుడ్డితనమునకును మూత్రపిండముల చేటునకును దారితీయగల విషయము.

వండు తీరునందును జాగ్రత్త వలయును. ఉసిరిక ఊరగాయలో ఉప్పు మెండు, రక్తపుపోటు గల పెద్దలకు అది తగదు. మురబ్బాలో చక్కెర మెండు. పండ్లు కదలు ముసలివారికి పచ్చి ఉసిరికాయను తుఱిమి పెరుగులోనో పప్పులోనో కలిపి పెట్టవచ్చును. పప్పు దింపిన పిదప కలుపుట మేలు, ఏలయన సి విటమిను వేడికి నశించును. నేరేడు మెత్తని పండు, పండ్లు లేనివారును తినగలరు. “మూడు వారములు కాచు పండుతో ఏడాది గడచునా?” అని మీరడుగవచ్చును. గడవదు, గడవవలసిన పనియు లేదు. తొలకరికి నేరేడు, కార్తికమున ఉసిరిక, సంక్రాంతికి రేగి, నడుమ జామ. ఆయా కాలములలో కూరలతో కూడ దినమునకు 400 గ్రాములకు తగ్గక తినుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి మాట.

పాఠశాల ఆవరణమున చెట్టు వేయదలచిన బాలురకు బాలికలకు ఒక మాట. నేరేడుగింజను ఎండబెట్టి దాచరాదు; దాచినచో మొలకెత్తు శక్తి కొద్దివారములలోనే పోవును. తిన్న వారమే నాటుడు. గింజమొక్క కాపునకు వచ్చుటకు ఇంచుమించు 8 మొదలు 10 సంవత్సరములు పట్టును. అంటుమొక్క అంతకు ముందే కాయును. కాచిన పిదప ఎక్కి కోయకుడు. నేరేడుకొమ్మ పెళుసు. క్రింద దుప్పటి పఱచి కొమ్మను ఊపినచో పండ్లు తామే రాలును.